కార్డు ముక్క మీద ఉబ్బసం

రేపల్లెలో మా అమ్మమ్మగారి పాత ఇల్లు అమ్మినప్పుడు నా వంతుకు వచ్చిన ఆస్తి ఒక ఇనప తీగ. నవ్వకండి. కింద చెక్క బిళ్ళ, పైన కొక్కెం, మధ్యన ఉత్తరాలు గుచ్చే తీగ. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు గానీ, ఒకప్పుడు ఇంటింటా వసారా గోడకు ఇలాంటిది ఒకటి వేలాడుతుండేది. వచ్చిన ఉత్తరం చదవడం, దాని గుండెల్లో తీగ గుచ్చి కిందికి దించడం. శుభలేఖయినా అంతే, అప్పు తీర్చమన్న ఉత్తరమైనా అంతే.

కథలూ నవలలూ రాసుకునేదాన్ని, నాకు పాత ఉత్తరాలంటే పిచ్చి. ఆ తీగను తెనాలి తెచ్చుకుని, ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూచుని ఒక్కొక్కటే విప్పాను. అడుగునుంచి పదోదో పన్నెండోదో ఒక కార్డు ముక్క. మద్రాసులోని ఒక వైద్యశాలవారు 1940లో మా తాతయ్యకు రాసింది. వాళ్ళ పేరెందుకు లెండి. సిరా వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి.

"మీ భార్యగారి ఆయాసమును గూర్చి తాము వ్రాసిన సంగతులు తెలిసినవి. ఇది ఉబ్బసమే. లేహ్యము వి.పి.లో పంపుచున్నాము. రెండు పూటల ఉసిరికాయంత పుచ్చుకొనవలెను. గోంగూర, వంకాయ, పెరుగు విసర్జింపవలెను. నలుబది దినముల పిమ్మట మరల వ్రాయునది."

గుంటూరు జిల్లా మనిషిని గోంగూర మానమనడమంటే మాటలా! అయినా మానిందట మహాతల్లి. మద్రాసులో ఉన్న ఆ వైద్యుడు మా అమ్మమ్మను చూడలేదు. అమ్మమ్మ మద్రాసు చూడలేదు. ఇద్దరి మధ్యా కార్డు ముక్క, రైలుబండి, పోస్టుబంట్రోతు. ఇవాళ మనం కంప్యూటరు తెర ముందు కూచుని చేయించుకుంటున్న దూరవైద్యానికి ఇది అమ్మమ్మ కాదూ?

కార్డు మా అమ్మకు చూపించాను. అమ్మ బాపట్లలో టీచరు చేసి రిటైరైంది, కళ్ళజోడు లేకుండా ఇప్పటికీ చదువుతుంది. చదివి, కాసేపు మాట్లాడలేదు. తరవాత అంది, "మీ తాతయ్య రాసింది సగమేనే. రెండో సగం కార్డు మీద ఎట్లా రాస్తాడు?"

ఆ రెండో సగం ఏమిటంటే, ఎర్రబట్ట. నెలనెలా పది పన్నెండు రోజులు ఆగకుండా పోయేదట. ఆ సంగతి అమ్మమ్మ మొగుడికి చెప్పలేదు. చెప్పినా ఆయన రాయలేడు. రాసినా, కార్డు కదా, పోస్టుమాస్టరు దగ్గర్నుంచి బంట్రోతు దాకా నలుగురూ చదువుతారు. అంచేత మద్రాసుకు వెళ్ళింది ఆయాసం ఒక్కటే. అమ్మమ్మ పదిహేనేళ్ళు ఉబ్బసానికి లేహ్యం తింది. నలభై అయిదో ఏడు దాటి, నెలసరి నిలిచిపోయాక, ఆ ఉబ్బసం దానంతటదే పోయింది! లేహ్యం మహిమ అన్నారు అందరూ.

అసలది ఉబ్బసమేనా? నేను డాక్టర్ని కాను. కానీ అంతేసి రక్తం పోయే మనిషికి నాలుగు అడుగులేస్తే ఆయాసం వస్తోందంటే, ఇవాళ ఏ డాక్టరైనా ముందు ఒంట్లో రక్తం ఎంతుందో చూడమంటుంది. ఆ రెండు సంగతులూ ఒకే కార్డు మీదికి ఎక్కి ఉంటే, ఆ వైద్యుడైనా వేరే మందు పంపేవాడేమో.

అప్పట్నుంచీ నాకు ఒకటే ధ్యాస. దూరాన ఉన్న వైద్యుడికి రోగి సంగతి ఎవరు చెబుతున్నారు? ఏం మింగేసి చెబుతున్నారు? ఆ దృష్టితో పాత సంగతులు తిరగేస్తే తమాషాగా ఉంది.

రోగి కదలలేనప్పుడు వైద్యుడి దగ్గరికి మనిషిని పంపడం కార్డులకంటే వేల ఏళ్ళ ముందునుంచీ ఉంది. అలా వచ్చినవాణ్ణి సుశ్రుతుడు దూత అన్నాడు. వాడి గురించి పెద్ద పట్టికే ఇచ్చాడు. దూత ఏ బట్టలు కట్టుకొచ్చాడు, ఎలాంటి మాటలన్నాడు, ఏ వేళప్పుడు వచ్చాడు, వీటిని బట్టి రోగి బతుకుతాడో లేదో శకునం చూడమన్నాడు. శకునం సంగతి అలా ఉంచండి. మధ్యన వచ్చిన మనిషిని కూడా పరీక్షించాలన్న ఆలోచన మాత్రం నాకు బాగా నచ్చింది.

ఇహ మన వైపు తపాలా వైద్యం పెరగడానికి మూడు వసతులు కలిసొచ్చాయి. 1877లో వి.పి. పార్సిలు వచ్చింది. అంటే సరుకు చేతికందాకే డబ్బు. ముక్కూ మొహం తెలియని మద్రాసు వైద్యుణ్ణి నమ్మడానికి ఇంతకంటే ధైర్యమేం కావాలి? 1879లో కాలణా కార్డు వచ్చింది. మద్రాసు నుంచి బెజవాడకు బాపట్ల, తెనాలి మీదుగా రైలు పందొమ్మిదో శతాబ్దం చివర్లో పడింది. 1916లో గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లె దాకా మరో లైను వేశారు. ఆ లైను రేపల్లెలో ఆగిపోతుంది, ఆవల కృష్ణ. ఆ చివరి స్టేషనులో దిగిన మద్రాసు మందుసీసాలు ఎన్నో!

అప్పటి పత్రికలు తీస్తే ప్రకటనల్లో సగం మందులే. రోగవివరాలు రాస్తే సలహా ఉచితం అని కింద చిన్న అక్షరాల్లో ఉండేది. వాటిలో ఆడవాళ్ళ కోసం పేరుపడ్డది కేసరి కుటీరం వారి లోధ్ర. ఒంగోలు ప్రాంతం నుంచి చిన్నతనంలోనే మద్రాసు చేరి, కష్టపడి పైకొచ్చిన కె.ఎన్. కేసరిగారి మందు అది. ఆ మందు సంపాదించిన డబ్బుతో ఆయన 1928లో ఆడవాళ్ళ కోసం గృహలక్ష్మి పత్రిక పెట్టారు. రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగారు. 1934లో మొదటి కంకణం ఎవరికనుకున్నారు? మా బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మగారికే.

ఇక్కడ కాస్త ఆగాలి. వరలక్ష్మమ్మగారు గృహలక్ష్మిలో రాసిందేమిటి? శారద లేఖలు. శారద అనే ఆవిడ తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలు. చదువు, విడాకుల హక్కు, ఖద్దరు, ఇంటి సంగతులు, అన్నీ అందులో ఉన్నాయి. బాపట్లలో 1931లో స్త్రీహితైషిణీ మండలి పెట్టిందీ ఆవిడే. ఆడదానికి తన ఉత్తరం తను రాసుకోవడం రావాలి అన్నది ఆవిడ పట్టుదల. ఒకే పత్రికలో ఒక పేజీలో ఆడవాళ్ళ రోగాలకు మందు, ఇంకో పేజీలో ఆడది ఆడదానికి రాసే ఉత్తరం. ఆ రెండు పేజీలూ కలిసి మా అమ్మమ్మ ఇంటిదాకా రాలేదు. వచ్చినా ఆవిడకు అక్షరాలు రావు. బాపట్లకూ రేపల్లెకూ ఎంత దూరమని!

ఆడ డాక్టర్లు లేరా అంటారేమో. ఉన్నారు. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లోనే గుంటూరు వచ్చింది. మగ డాక్టరుకు నాడి చూపించని ఇళ్ళల్లోకి వెళ్ళి వైద్యం చేసింది. 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆస్పత్రి కట్టించింది. కానీ రేపల్లె నుంచి గుంటూరు వెళ్ళాలంటే మగతోడు కావాలి, రెండు రోజులు కావాలి, ముందు జబ్బేమిటో ఇంట్లో చెప్పాలి. ఆ చివరిదే కష్టం. దీర్ఘరోగమైతే మరీ కష్టం. జ్వరం వస్తే బండి కడతారు. ఏళ్ళ తరబడి ఉండే జబ్బును ఆ మనిషి స్వభావమనుకుంటారు. "ఆవిడంతే, ఎప్పుడూ ఆయాసమే" అంటారు.

మా అమ్మ తరానికి ఇన్లాండు కవరు వచ్చింది. అంటించేస్తే బంట్రోతు చదవలేడు. అంతకంటే ముఖ్యం, రాసేది తనే. మాలతీ చందూర్‌గారి ప్రమదావనానికి ఎంతమంది ఆడవాళ్ళు తమ మనసు విప్పి రాశారో! దశాబ్దాల పాటు రాశారు. స్వాతిలో డాక్టరు సమరంగారు జవాబులు రాసేవారు. మంగళవారమో శుక్రవారమో పత్రిక రాగానే ఇంట్లో ముందుగా తీసే పేజీ అది, అందరి ఎదుటా తీయని పేజీ కూడా అదే. ప్రశ్నల కింద పేరు ఉండదు, రెండు పొడి అక్షరాలు, ఊరు. ఆ అక్షరాలు చూసి ఇది ఫలానా వాళ్ళమ్మాయేనా అని వీధంతా ఆరా!

మా అమ్మ కూడా ఒక పత్రిక డాక్టరుకు రాసిందని నాకు మొన్ననే తెలిసింది. నేను పుట్టాక తనకు పట్టుకున్న నడుంనొప్పి గురించి. బాపట్ల అని రాస్తే పట్టుబడతానని ఊరు మార్చి "తెనాలి" అని రాసిందట. నేను పెళ్ళయి తెనాలిలోనే స్థిరపడ్డానని విని ఇప్పుడు నవ్వుకుంటుంది. జవాబు అచ్చయింది. నాలుగు వాక్యాలు. ఎముకల డాక్టరుకు చూపించుకోండి అని. "అయితే చూపించుకున్నావా?" అన్నాను. "ఆయనెవరో నా ఉత్తరం పూర్తిగా చదివాడు కదా, అదే చాలనిపించింది" అంది. ఈ మాటకు నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. నడుము ఇప్పటికీ వంగి ఉంది.

ఇది మన ఒక్కరి గోలే కాదు. ఆస్ట్రేలియాలో ఊళ్ళకు ఊళ్ళు లేని ఎడారి పశువుల పొలాల్లో ఉండే ఇల్లాళ్ళకు 1928లో ఎగిరే డాక్టర్ల వ్యవస్థ వచ్చింది. మరుసటేడు, కాళ్ళతో తొక్కితే కరెంటు పుట్టే రేడియో వచ్చింది. ఇల్లాలు రేడియోలో జబ్బు చెబితే డాక్టరు అవతల్నుంచి సలహా ఇచ్చేవాడు. 1942 నుంచి ఇంటింటా మందుల పెట్టె ఉంచి సీసాలకు అంకెలు వేశారు. డాక్టరు పేరు చెప్పనక్కరలేదు, ఫలానా అంకె సీసా తీయమంటే చాలు. బాగానే ఉంది. కానీ ఆ రేడియో అందరిదీ. ఇరుగుపొరుగంటే వందమైళ్ళ అవతలి వాళ్ళయినా సరే, చెవి ఒగ్గి వినేవారు. అక్కడా ఎవరో ఒక అమ్మమ్మ ఎర్రబట్ట సంగతి మింగేసే ఉంటుంది.

హాలండులో లైడెన్ అనే ఊళ్ళో 1905లోనే ఐంథోవెన్ అనే శాస్త్రజ్ఞుడు టెలిఫోను తీగ మీదుగా ఆస్పత్రిలోని రోగి గుండె కొట్టుకోవడాన్ని ఒకటిన్నర కిలోమీటర్ల దూరాన ఉన్న తన ప్రయోగశాలలో గీత గీయించాడు. యంత్రం మంచం దగ్గరికి మోసుకెళ్ళలేనంత బరువు, అందుకని గుండెనే తీగ మీద రప్పించాడు. గుండెకు మొహమాటం లేదు గనుక ఉన్నదున్నట్టు చెప్పింది.

మన రాష్ట్రానికి వద్దాం. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో టెలిమెడిసిన్ మొదలైంది. అపోలో ప్రతాప్ సి. రెడ్డిగారి సొంతూరు అది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాదు వచ్చినప్పుడు ప్రారంభించారు. అది పేపర్లలో చదివి ముచ్చటపడ్డాం గానీ రేపల్లె వైపు మనుషులకు ఒరిగిందేమీ లేదు. పల్లెల్లో బి.పి., షుగరు, ఉబ్బసం, మూర్ఛలాంటి ఏళ్ళ తరబడి జబ్బులున్నవాళ్ళకు నిజంగా తెలిసొచ్చింది 104. 2007లో ఫోను సలహాగా మొదలై, మరుసటేటికి నెలకొకసారి చెప్పిన తేదీకి ఊళ్ళోకి వ్యాను రావడం మొదలైంది. మా పెద్దమ్మ ఆ తేదీని ఏకాదశిలాగా గుర్తుపెట్టుకునేది.

ఆ తరవాత ఇ-సంజీవని. కేంద్రప్రభుత్వపు కంప్యూటరు వైద్యం. 2019 నవంబరులో దాన్ని పల్లె ఆరోగ్యకేంద్రాల్లో అందరికంటే ముందు మొదలుపెట్టిన రాష్ట్రం మనదే. ఊళ్ళో కేంద్రంలో నర్సింగు చదివిన అమ్మాయి ఉంటుంది. బి.పి., షుగరు చూసి, వివరాలు ఎక్కించి, తెర మీద డాక్టరును పిలుస్తుంది. డాక్టరు చూసి మందులు రాస్తే అక్కడే ఇస్తారు. 2023 ఫిబ్రవరికి దేశం మొత్తం మీద ఇలాంటి సంప్రదింపులు పదికోట్లు దాటాయి. అప్పుడు ప్రభుత్వం ఇచ్చిన లెక్కల్లో ఒకటి చూసి నేను రెండుసార్లు చదువుకున్నాను. చూపించుకున్నవాళ్ళలో నూటికి 57 మందికి పైగా ఆడవాళ్ళు. బస్సు చార్జీ అక్కర్లేదు, మొగుడు పని మానుకోనక్కర్లేదు, వంట అయ్యాక వెళ్ళి మళ్ళీ వంట వేళకు రావచ్చు. ఇంతకంటే పెద్ద కారణం ఉందని నేననుకోను.

2020 మార్చి 25న, దేశమంతా లాక్‌డౌనులోకి వెళ్ళిన మొదటిరోజునే, టెలిమెడిసిన్‌కు నిబంధనలు వచ్చాయి. అంతకుముందు ఫోనులో మందు చెప్పవచ్చా లేదా అని డాక్టర్లకే అనుమానం. ఇదివరకు చూసిన రోగికి పాత జబ్బుకు అవే మందులు మళ్ళీ రాయవచ్చు, కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూసి తీరాలి, మత్తు మందుల్లాంటివి అసలు రాయకూడదు అని తేల్చారు. అందులో నన్ను ఆపేసింది మరొకటి. రోగి తరఫున ఇంటివాళ్ళు మాట్లాడితే ఏం చెయ్యాలి, ఆరోగ్య కార్యకర్త మాట్లాడితే ఏం చెయ్యాలి అని విడివిడిగా రాశారు. రోగి పక్కన లేకపోతే, ఆ మాట్లాడే మనిషికి ఆ హక్కుందని తేలాలన్నారు. సుశ్రుతుడి దూత మళ్ళీ వచ్చాడన్నమాట! రోగి పక్కనే ఉండి నోరు మెదపకపోతే ఎట్లా అన్నదానికి మాత్రం ఏ నిబంధన సరిపోతుంది?

ఎవరి సంగతో ఎందుకు, నాదే చెబుతాను. నాకు థైరాయిడు. ఆ లాక్‌డౌనులో ఒక డాక్టరుగారితో వీడియోలో మాట్లాడాను. మా వారు ఫోను పట్టుకున్నారు, నా చెయ్యి వణుకుతుందని. "ఈ మధ్య ఎలా ఉంటోందమ్మా?" అన్నారాయన. నేను నోరు తెరిచేలోపు ఫోను వెనకనుంచి, "ఆవిడకు ఆలోచనలెక్కువండీ, నిద్రపోదు" అని మా వారు. డాక్టరుగారు నవ్వారు. నేనూ నవ్వాను. రెణ్ణెల్లుగా అకారణంగా ఏడుపు వస్తోందని చెప్పాలనుకున్నది చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా ఆడవాళ్ళ నోళ్ళు విప్పిస్తూ నవలలు రాస్తున్నదాన్ని! మా వారిది తప్పనను. ఆయన మా తాతయ్యలాగే మంచాయన.

పెద్దమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. ఆవిడ అమ్మమ్మ పెద్దకూతురు, రేపల్లె అవతల పల్లెలో కొడుకు దగ్గర ఉంటుంది. ఎనభై దాటింది, పాతికేళ్ళుగా షుగరు. 2022 చలికాలంలో నేను వెళ్ళినప్పుడు కోడలూ నేనూ కలిసి ఊళ్ళో కేంద్రానికి తీసుకెళ్ళాం. తెర మీద చిన్న వయసు డాక్టరమ్మ. ఎప్పుడూ ఒకరే రారు, ఒక్కోసారి ఒక్కొక్కరు.

"మందులు వేసుకుంటున్నారా అమ్మా?"

"నేనే వేస్తానండీ," కోడలు.

"కాళ్ళు మంటలు, తిమ్మిర్లు?"

"అబ్బే, అవేం లేవండీ," మళ్ళీ కోడలు.

పెద్దమ్మ నేల చూస్తోంది. అప్పుడు ఆ నర్సమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో, కోడలితో, "ఆంటీ, బయట రిజిస్టర్లో ఆధారు నంబరు రాయించి రండి" అంది. నన్ను కూడా చూసింది. నేనూ లేచి గుమ్మం దాకా వెళ్ళాను. ఆ అమ్మాయి పెద్దమ్మ ముందు గొంతుక్కూచుని, చెవి దగ్గర నోరు పెట్టి, "మామ్మా, కాలు చూపించు, ఎవరికీ చెప్పన్లే" అంది.

పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తింది. కుడికాలి వేళ్ళకింద పసుపు అద్దిన గుడ్డ. విప్పితే పుండు. ఎన్నాళ్ళదో! నొప్పి తెలియలేదట, స్పర్శ ఉంటేగా. మరి చెప్పలేదేం అంటే, కోతల రోజులు, తెనాలి తీసుకెళ్ళాలంటే కొడుకు పనులాగిపోతాయి, చూసుకోలేదని కోడల్ని తిడతాడు. అదీ లెక్క. నర్సమ్మాయి కెమెరాను కాలివైపు తిప్పింది. డాక్టరమ్మ చూసి, "ఇది నేనిక్కణ్ణుంచి చూసేది కాదమ్మా, ఇవాళే తెనాలి జిల్లా ఆస్పత్రికి పంపండి" అంది. వెంటనే అంది, అందుకు ఆవిడకు చేతులెత్తి మొక్కాలి. రెండోవేలు తీసేశారు. కాలు దక్కింది.

తరవాత ఒకరోజు పెద్దమ్మను అడిగాను, ఆ డాక్టరమ్మ ఎట్లా ఉంది అని. "మంచిదే. కానీ ఆ పెట్టెలో ఉన్నావిడకు ముక్కు లేదు కదే. వాసన కనిపెట్టింది ఈ పిల్ల" అంది.

నిజమే కదా. ఆ అమ్మాయి గదిలో పెద్దమ్మ పక్కన కూచుంది గనుక పుండు వాసన తగిలింది. కోడలు జవాబులు చెబుతున్న తీరు కూడా కనిపెట్టింది. ఆ రెండో పని ఏ కాలేజీలో నేర్పారో అడగాల్సింది.

పోయిన నెల ఆ అమ్మాయికి బదిలీ అయిందట. కొత్తమ్మాయి వచ్చి పదిహేను రోజులైంది. పెద్దమ్మ మాత్రం మందులు కోడలి చేత తెప్పించుకుంటోంది గానీ తను గడప దాటడం లేదని నిన్న ఫోను వచ్చింది. కాలు ఎట్లా ఉందంటే బాగానే ఉందని కోడలే చెప్పింది. ఆదివారం నేను రేపల్లె బండి ఎక్కుతున్నాను.